గుడి లైను మీద ఫ్రిజ్జు: ఒక ఊరి కరెంటు సొసైటీ కేస్ స్టడీ

సహకార సంఘాల లెక్కలు రాయించడం, తప్పులు పట్టడం నా పని. ఒడిశాలోని పర్లాకిమిడి చుట్టుపక్కల, గజపతి, రాయగడ జిల్లాల్లో పాల సొసైటీలు, పొదుపు సంఘాలు చాలానే చూశాను. కరెంటు సొసైటీ మాత్రం ఒక్కటే తగిలింది. దాని గురించి రాయడానికి కారణం ఒకటే. అక్కడ మొదటి ఏడాదంతా నేను లేని జబ్బుకు మందు వేస్తూ కూర్చున్నాను. ఊరి పేరు చెప్పను. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను, అంకెల్ని కాస్త రౌండు చేశాను.

నేపథ్యం

కొండ అంచున 96 గడపల ఊరు. తెలుగువాళ్లు ఎక్కువ, తర్వాత సవర గిరిజనులు, కొన్ని ఒడియా కుటుంబాలు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ప్రాంతం అటు వెళ్లింది గానీ ఇళ్లలో మాట మారలేదు. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, సంతలో రెండూ. ఇది ఊరి వర్ణన కోసం చెప్పడం లేదు, ముందు ముందు అవసరం పడుతుంది.

ఊరి పైన ఒక గెడ్డ, అంటే కొండవాగు, ఉంది. ఒక స్వచ్ఛంద సంస్థ దానికి చిన్న అడ్డుకట్ట వేయించి, కాలువ తవ్వించి, పైపులో నీళ్లు కిందికి వదిలి టర్బైను పెట్టించింది. 38 మీటర్ల ఎత్తు నుంచి సెకనుకు 55 లీటర్లు పడితే నష్టాలన్నీ పోగా 12 కిలోవాట్ల కరెంటు వస్తుంది. వర్షాకాలంలో అంతా వస్తుంది. డిసెంబరుకు తొమ్మిదికి దిగుతుంది. ఏప్రిల్‌లో నాలుగు వస్తే గొప్ప. పైపులు, సిమెంటు బస్తాలు ఊరివాళ్లే మోశారు. ఇంటికో వంద రూపాయల వాటా కట్టి, 1962 నాటి ఒడిశా సహకార చట్టం కింద సొసైటీగా నమోదయ్యారు. నెలకు ఇంటికి 60 రూపాయలు. వంద వాట్లకు మించి వాడకూడదు.

కరెంటు సొసైటీ అంటే మనవాళ్లకు గుర్తొచ్చేది సిరిసిల్ల సెస్సు (సహకార విద్యుత్ సరఫరా సంఘం), లేదా మాకు దగ్గర్లో విజయనగరం వైపు చీపురుపల్లి రెస్కో (గ్రామీణ విద్యుత్ సహకార సంఘం). 1969లో గ్రామీణ విద్యుదీకరణ కార్పొరేషన్ వచ్చాక ఆ తరహా సంఘాలు మొదలయ్యాయి. వాటి పద్ధతి బయట నుంచి టోకున కరెంటు కొని సభ్యులకు అమ్మడం. ఈ ఊరిది అది కాదు, సొంత గెడ్డ, సొంత టర్బైను. 2003 విద్యుత్ చట్టం ప్రకారం ప్రభుత్వం నోటిఫై చేసిన గ్రామీణ ప్రాంతంలో ఇలా తయారుచేసి పంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. అది మంచిదే. కానీ లైసెన్సు లేదంటే పైనుంచి చూసే విద్యుత్ నియంత్రణ కమిషన్ కూడా లేదన్నమాట. మిగిలింది సొసైటీ ఆడిటర్. ఆడిటర్ చూసేది రాసిన పుస్తకం. రాయనిది ఆయన కంట పడదు.

కరెంటు గదిలో ఒక వస్తువు గురించి ఇక్కడే చెప్పాలి. గెడ్డ నీళ్లు రాత్రీ పగలూ ఒకేలా పడుతుంటాయి, వాడకం మాత్రం మారుతుంది. వాడని కరెంటును ఎక్కడో ఖర్చు చేయకపోతే టర్బైను అదుపు తప్పి తిరుగుతుంది. అందుకని ఒక కంట్రోలరు ఆ మిగులును పెద్ద నీళ్ల డ్రమ్ములో ముంచిన హీటర్లకు పంపిస్తుంది. మొదటి ఏడాది నేను ఆ డ్రమ్ము పక్కనే కుర్చీ వేసుకుని పుస్తకాలు చూశాను, డ్రమ్మును చూడలేదు.

నాకు చెప్పిన సమస్య

టర్బైను తిప్పితే కరెంటు పుట్టించే మిషను, ఆల్టర్నేటరు, దాని వైండింగ్ కాలిపోయింది. బేరింగులతో కలిపి 34 వేలు అవుతుందన్నారు. బ్యాంకులో 11,400 ఉంది. ఊరు పదిహేను రోజులుగా చీకట్లో ఉంది. 96 ఇళ్లలో నెలనెలా డబ్బు కడుతున్నవి 51.

ప్రెసిడెంటు అరవై దాటిన మనిషి, ఈ ప్లాంటు కోసం ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగిన మనిషి. ఆయన మాట ఇది: "గుడికి ఇస్తన్నాం, బడికి ఇస్తన్నాం, ఈదుల్లో లైట్లేశాం. ఊరికి మేం సేవ సేస్తన్నాం బాబూ. జనమే డబ్బులు కట్టరు."

సభ్యులు కట్టరు, అందుకే రిపేరు నిధి లేదు. వినడానికి లెక్క సరిపోయింది. పాల సొసైటీల్లో ఇరవై ఏళ్లు గడిపినవాడికి వసూలు సమస్య చేతిలో ముద్దలాంటిది. ఒప్పుకున్నాను. అప్పు తెచ్చి మిషను బాగుచేయించి, వసూలు మీద పడ్డాం.

చేసినవి, చెడినవి

మొదట కోత. ఆరు నెలలకు మించి బాకీ ఉన్న ఇళ్ల తీగలు తీసేయాలని కమిటీ తీర్మానించింది. నేనే రాయించాను. డబ్బు లేనిదే పాలు పోయరు కదా, కరెంటు మాత్రం ఎందుకివ్వాలి అన్నది నా వాదన. మొదటి రోజు పన్నెండు ఇళ్లు అనుకున్నాం. నాలుగో ఇంటి అరుగు మీద ఒక ముసలావిడ అడ్డచుట్ట తాగుతూ కూర్చుంది. నిప్పు నోటి లోపల పెట్టుకుని తాగే ఆ చుట్టను తీయకుండానే మాట్లాడింది.

"కోసేయండి బాబూ. ముందు ఆ గుడెనకాల ఫ్రిజ్జు తీగ కోసి, అప్పుడు మా ఇంటికి రండి."

నాతో ఉన్న ఆపరేటరు కుర్రాడు తల దించుకున్నాడు. నాకు అర్థం కాలేదు. ఏదో పాత తగాదా అనుకుని తీగ తీయించాను. ఆ రాత్రికే పన్నెండిట్లో తొమ్మిదిళ్లు కొక్కేలు తగిలించుకున్నాయి. నెల తిరిగేసరికి వసూలు నాలుగిళ్లు పెరిగింది, మీటింగుకు వచ్చేవాళ్లు సగమయ్యారు. ఇవాళ ఈ కేసు తిరగేస్తే నాకు సిగ్గనిపించేది ఇక్కడే. సమస్య ఏమిటో ఆవిడ ఒక్క మాటలో చెప్పేసింది. నేను దాన్ని మొండితనం కింద రాసుకున్నాను.

తర్వాత ఇంటికో చిన్న ఎంసీబీ బిగించాం, వంద వాట్లు దాటితే పడిపోయేలా. సగం మంది దాన్ని పక్కనుంచి తీగ వేసి దాటేశారు. ఇంతకు మించి చెప్పడానికేం లేదు.

మూడోది నా సొంత తెలివి. అమెరికా కరెంటు సొసైటీల్లో ఒక పద్ధతి ఉంది. 1989లో దక్షిణ కరోలినాలోని పాల్మెట్టో ఎలక్ట్రిక్ అనే సంఘం మొదలుపెట్టింది. బిల్లు ఎంతొచ్చినా పై డాలరుకు రౌండు చేస్తారు. ఆ చిల్లర ఊరి అవసరాలకు పోతుంది. సహకార సూత్రాల్లో ఏడోది, 1995లో చేర్చినది, చుట్టూ ఉన్న సమాజం పట్ల బాధ్యత. దాన్ని పాఠంలా చెప్పడమే గానీ చేసి చూపించే అవకాశం ఎప్పుడూ రాలేదు నాకు. అందుకని 60 ని 70 చేద్దాం, పది రూపాయలు సేవా నిధికి, ఊరికి మంచి జరుగుతుంటే జనం కడతారు అన్నాను. కమిటీ సరేనంది.

మూడో నెలలో ఆ నిధి నుంచి 1,200 తీసి అమ్మోరి సంబరానికి సీరియల్ బల్బులు కొన్నారు. ఎవరు చెప్పారు, ఎవరు ఒప్పుకున్నారు? ప్రెసిడెంటు చెప్పారు, ప్రెసిడెంటే ఒప్పుకున్నారు. ఆయన జేబులో ఒక్క రూపాయి వేసుకోలేదు, అది ఊరంతా ఎరుగు. అయినా జనం ఆ పది రూపాయలకు 'సంబరం చందా' అని పేరు పెట్టేశారు. తర్వాతి నెల నుంచి మామూలు 60 కట్టేవాళ్లు కూడా తగ్గారు. అమెరికాలో ఆ చిల్లరను ఎవరికివ్వాలో తేల్చడానికి వేరే ట్రస్టు బోర్డు ఉంటుంది. నేను చిల్లర తెచ్చుకున్నాను, చిల్లరకు కాపలా కాసేవాళ్లను తెచ్చుకోలేదు.

డ్రమ్ము

రెండో చలికాలం. ఒకరోజు పొద్దున పదకొండింటికి బేరింగులకు గ్రీజు పెడుతుంటే చూస్తూ నిలబడ్డాను. పక్కనున్న డ్రమ్ముకు చెయ్యి ఆనించబోతే ఆపరేటరు అరిచాడు. డ్రమ్ము మీద ఆవిరి తేలుతోంది. "పగలు దీంట్లో గుడ్లు ఉడకెట్టుకోవచ్చు సార్" అన్నాడు. సాయంత్రం ఏడింటికి మళ్లీ వెళ్లాను. ఈసారి వాడే నా చెయ్యి పట్టుకుని డ్రమ్ము మీద పెట్టాడు. గెడ్డ నీళ్లంత చల్లగా ఉంది. బయటికొచ్చి చూస్తే చివరి వీధిలో బల్బులు మినుకుమంటున్నాయి. అక్కడ వోల్టేజి 160.

ఆ రాత్రి పుస్తకం పక్కనపెట్టి ఆలోచించాను. ఈ సొసైటీ సరుకు యూనిట్లు కాదు, గంటలు. పగలు ఇచ్చిన కరెంటు నిజంగానే ఉచితం. ఇవ్వకపోతే అది నీళ్లు కాచుకుంటుంది. రాత్రి ఏడింటికి ఉచితంగా ఇచ్చిన ప్రతి వాటూ ఇంకో ఇంటి బల్బులోంచి తీసి ఇచ్చిందే. మరి ఏడింటికి ఉచితంగా ఎవరికి పోతోంది?

మర్నాడు ఆపరేటరు, బడి పంతులు గారు, నేను టాంగ్ టెస్టరు (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే పరికరం) పట్టుకుని సాయంత్రం స్తంభం స్తంభం తిరిగాం. డబ్బు కట్టని లైన్లు పుస్తకంలో మూడు ఉన్నాయి: గుడి, బడి, వీధి దీపాలు. స్తంభాల మీద పదకొండు ఉన్నాయి. గుడి లైను ఒక్కటే 1,100 వాట్లు లాగుతోంది. గుళ్లో వెలుగుతున్నవి రెండు బల్బులు. వెనక గోడ నుంచి ఒక నల్ల తీగ దిగి, చింతచెట్టు కొమ్మ మీదుగా కిరాణా కొట్టు రేకుల కిందికి పోయింది. అక్కడ కూల్ డ్రింకుల ఫ్రిజ్జు, రెండు ఫ్యాన్లు, ఒక హీటరు. కొట్టు ప్రెసిడెంటు గారి తమ్ముడిది. చోళ్లు (రాగులు) ఆడించే మర కూడా సాయంత్రమే నడుస్తోంది, రెండు కిలోవాట్ల పైన. తొమ్మిది కిలోవాట్లు వచ్చే నెలలో మూడున్నర ఇలా పోతోంది. ఆల్టర్నేటరు ఎందుకు కాలిందో కూడా అప్పుడే తెలిసింది. మోయలేని బరువును రోజూ సాయంత్రం మోసి మోసి కాలింది.

జనం కట్టకపోవడం జబ్బు కాదు, జ్వరం లాంటిది. సేవ పేరుతో ఎవరికెంత పోతోందో పుస్తకంలో లేదు. కాబట్టి ఆ సేవ సొసైటీది కాదు, ప్రెసిడెంటు గారి దయ. దయకు నేనెందుకు చందా కట్టాలి అని 45 ఇళ్లవాళ్లు నోరు తెరవకుండా అడుగుతున్నారు.

పని చేసినవి

జాబితా ఎలా రాయాలన్నది మొదటి చిక్కు. పేర్లు రాస్తే కొట్లాట అవుతుంది. నేను పేర్లు రాయనివ్వలేదు, తీగలు రాయించాను. 'గుడి వెనక గోడ నుంచి పోతున్న నల్ల తీగ, 900 వాట్లు.' అది ఎవరిదో ఊరంతా తెలుసు. రాసినవాడి మీద మాత్రం ఎవరూ పడలేరు.

రెండో చిక్కు సర్వసభ్య సమావేశం. అప్పటిదాకా రాత్రి ఎనిమిదింటికి గుడి దగ్గర పెట్టేవాళ్లు. సభ్యత్వం దాదాపు అన్నిళ్లలో మగవాళ్ల పేరు మీదే. వాళ్లలో చాలామంది పనికి బయటి రాష్ట్రాలకు పోయినవాళ్లు. ఏడాదికోసారి సంతకాలు మాత్రం నిండుగా ఉండేవి. ఆ సంతకాల గురించి ఇక్కడ రాయను. మినిట్స్ ఒడియాలో, అచ్చమైన పుస్తక భాషలో. ఇళ్లు నడిపే ఆడవాళ్లలో ఒడియా చదవగలిగినవాళ్లు వేళ్ల మీద లెక్క.

పొద్దున పదింటికి, కరెంటు గది ముందు, డ్రమ్ము కనపడేలా పెట్టాం. భార్యల్ని జాయింటు సభ్యులుగా చేర్చేలా సొసైటీ నియమావళికి, అంటే బైలాకు, సవరణ పంపాం. రిజిస్ట్రారు ఆఫీసులో ఆమోదానికి నెలలు పట్టింది. అందాకా వచ్చిన ఆడవాళ్ల చేతులెత్తించి అభిప్రాయంగా రాసుకున్నాం, ఓటుగా కాదు. తర్వాత ఎవరైనా కోర్టుకెళ్తే మొత్తం కూలిపోకూడదు కదా. లెక్క మొత్తం పంతులు గారు తెలుగులో చదివారు, ఒక సవర కుర్రాడు సవరలో చెప్పాడు. చదవడానికి నలభై నిమిషాలు పట్టింది. మధ్యలో ఒక్కరూ లేవలేదు.

తర్వాత ఒక్కో తీగ మీద విడివిడిగా మాట. ఇది వద్దని మొదట నేనే అన్నాను, రోజంతా పడుతుందని. పట్టింది. కానీ కలిపి అడిగితే 'సేవ కావాలా వద్దా' అవుతుంది, సేవ వద్దనేవాడెవడు? గుడికి రెండు బల్బులు ఏడాది పొడుగునా ఉచితం, అందరూ సరే. వీధి దీపాలు 14 నుంచి తొమ్మిదికి, పదింటికి ఆపాలి. మర పగలు పది నుంచి నాలుగు దాకా మాత్రమే, డబ్బు కట్టి. ఒంటరి ముసలివాళ్ల ఇళ్లు మూడు ఉచితం. అడ్డచుట్ట ఆవిడ ఇల్లు కూడా అందులో ఉంది. ఆవిడ లేచి, నాకు ఉచితం వద్దు, సగం కడతాను, బాకీ అని మాత్రం రాయొద్దు అంది. అలాగే రాశాం. సంబరానికి రెండు రాత్రులు మైకు సెట్టు, సీరియల్ బల్బులు; ఆ రెండు రాత్రులూ ఇళ్లలో ఒక్కో బల్బే. దీనికి ఎక్కువ గొడవ అవుతుందనుకున్నాను. అసలు కాలేదు. తాము ఇస్తున్నామని తెలిసి ఇవ్వడానికి ఎవరికీ కష్టం లేదు.

నల్ల తీగ వంతు వచ్చినప్పుడు ప్రెసిడెంటు గారు కుర్చీలోంచి లేచారు. అందరం బిగుసుకుపోయాం. ఆయన కండువా దులుపుకుని, "నేనుంటే మీరు మాట్లాడలేరు" అని గెడ్డ వైపు వెళ్లిపోయారు. పావుగంటకు వచ్చేసరికి తీర్మానం అయిపోయింది: కొట్టుకు వేరే మీటరు, వ్యాపారం రేటు. ఏం తేలిందని ఆయన అడగలేదు. ఎవరి సంగతి చర్చకొస్తే వాళ్లు బయటికి వెళ్లాలన్న రూలు తర్వాత బైలాలో చేర్చాం. రాసింది నేనే గానీ పెట్టింది ఆయన.

ఆయన్ని దింపేయాలని కుర్రాళ్లు కొందరు నా దగ్గరికి వచ్చారు. వద్దన్నాను. అడ్డుకట్టలో ఏ రాయి కదిలితే నీళ్లు ఎటు పోతాయో ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. పైగా ఆయన దొంగ కాదు. తమ్ముడికి కాదనలేని అన్న, అంతే. ఇలాంటి కేసుల్లో మనిషిని మార్చి పుస్తకాన్ని అలాగే ఉంచితే, కొత్త మనిషికీ ఒక తమ్ముడు ఉంటాడు.

పుస్తకంలో మార్పు చిన్నదే. 'ఊరి ఖాతా' అని ఒకటి తెరిచాం. గుడి, వీధి దీపాలు, ఆ మూడిళ్లు ఎంత వాడతాయో లెక్క కట్టి, ఊరి ఖాతా నుంచి కరెంటు ఖాతాకు నెలనెలా కడుతున్నట్టు రాస్తాం. "ఈ జేబులోంచి ఆ జేబులోకి మార్చడానికి ఇంత రాతెందుకు?" అని కోశాధికారి విసుక్కున్నాడు. ఎందుకంటే ఇప్పుడు ఎవరైనా కొత్త తీగ తగిలిస్తే ఆ నెల అంకె మారుతుంది. ఊరి ఖాతా వసూలులో పదో వంతు దాటకూడదు, జాబితా ఏటా సర్వసభ్య సమావేశంలో మళ్లీ మొదటి నుంచి ఒప్పుకోవాలి. అంకెలు కరెంటు గది గోడ మీద సున్నం బోర్డుపై తెలుగులో, ఒడియాలో రాస్తారు.

ఏడాదిలో కట్టే ఇళ్లు 51 నుంచి 78కి చేరాయి. మిగతా 18 ఇళ్లు చేరలేదు. కొందరికి నిజంగా లేదు, కొందరికి ఉంది. ఆ తేడా తేల్చడం మాకు ఇప్పటికీ రాలేదు.

తిత్లీ

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి చాలామంది పోయారు. ఈ ఊళ్లో ప్రాణాలు దక్కాయి గానీ అడ్డుకట్ట బండల కింద పూడిపోయింది, రెండు పైపులు కొట్టుకుపోయాయి. ఇంటికో మనిషి చొప్పున పనిచేసి తొమ్మిదో రోజుకు టర్బైను తిప్పారు. అప్పటికి కింది ఊళ్లలో గ్రిడ్ కరెంటు ఇంకా రాలేదు. జనం సెల్‌ఫోన్లు సంచుల్లో వేసుకుని కొండెక్కి వచ్చారు.

ఎవరో కుర్రాడు ఫోనుకు పది రూపాయలు వసూలు చేయడం మొదలుపెట్టాడు. ఇంకొకరు పొరుగూరి వాళ్ల దగ్గర డబ్బేమిట్రా అని తిట్టారు. నేను అక్కడ లేను, రోడ్లు తెగిపోయి ఉన్నాయి. తర్వాత మినిట్స్‌లో చదివాను. కమిటీ కరెంటు గది దగ్గర నిలబడే పావుగంటలో తేల్చింది: 'పగలు ఉచితం, ఎవరి ఫోనైనా. సాయంత్రం ఆరు తర్వాత లేదు. వారం రోజులు మాత్రమే, ఆపైన కావాలంటే సభ్యులను అడగాలి.' కారణం కూడా రాశారు. 'పగలు డ్రమ్ము వేడిగా ఉంటుంది కనుక.'

ఇప్పుడు ఏ సంఘానికి వెళ్లినా నేను మొదట అడిగేది బాకీల జాబితా కాదు, ఉచితాల జాబితా. అది లేదంటే స్తంభాల వెంట నడుస్తాను. పాల సొసైటీకి స్తంభాలుండవు, క్యాన్ల వెంట నడవాలి. కోత మొదలుపెట్టాల్సి వస్తే ఎక్కువ వాడేవాడి దగ్గర మొదలుపెట్టమంటాను, ఎక్కువ బాకీ ఉన్నవాడి దగ్గర కాదు. అన్నిచోట్లా ఇది కుదరలేదు. ఒక చోట ఉచితాల జాబితా అడిగిన రోజే నన్ను మర్యాదగా బస్సెక్కించారు.

ఆ ఊరికి తర్వాత గ్రిడ్ వచ్చింది. చాలా ఇళ్లకు ఇప్పుడు రెండు తీగలు. పై కరెంటు పోయినప్పుడే గెడ్డ కరెంటు వాడేవాళ్లు నెలంతటికీ ఎందుకు కట్టాలన్నది ప్రస్తుతం నలుగుతున్న గొడవ. టర్బైను ఎవరు వాడినా వాడకపోయినా తిరుగుతూనే ఉండాలి, ఆపరేటర్లకు జీతం ఇవ్వాలి. కనీస రుసుం ఎంతన్నది రెండు సమావేశాల్లో తేలలేదు. కట్టే ఇళ్లు 61కి దిగాయి.

కిందటి చలికాలం వెళ్లినప్పుడు డ్రమ్ము పక్కన కొత్తగా ఇంకో తొట్టె, దానికి కుళాయి కనిపించాయి. వేడినీళ్ల కోసం ఆడవాళ్లు బిందెలతో డ్రమ్ములోనే ముంచుకుంటున్నారట. హీటర్లున్న నీళ్లలో చెయ్యి పెడితే ప్రాణం పోతుందని భయపడి ఆపరేటరు ఎర్తింగ్ వేయించి, వేడి మాత్రం దాటేలా తొట్టె వేరుగా కట్టించాడు. గోడ మీద ఉచితాల జాబితా చదివాను. నేనున్నప్పుడు ఎనిమిది పద్దులు. తొమ్మిదోది ఎవరిదో పిల్లరాతలో ఉంది: 'బాలింతలకు వేడినీళ్లు, పొద్దున రెండు బిందెలు, నలభై రోజులు.' పక్కన తీర్మానం నంబరు, తేదీ.